తొమ్మిది అడుగుల దూరం

అవ్వ పోయిన మూడో రోజు పొద్దున ఆరు గంటల ఇరవై నిమిషాలకు ఆమె పెరట్లోని చదును రాయి మీద పదకొండు పిచ్చుకలు, నాలుగు రామచిలుకలు, రెండు గోరింకలు వాలాయి. రాయి మీద తిండి లేదు. అయినా కాసేపు నిలిచాయి. ఒక చిలుక మెడ తిప్పి నా కిటికీ వైపు చూసింది. అలవాటు చొప్పున ఆ అంకెలు పుస్తకంలో రాసుకున్నాను. రాశాక గాని తోచలేదు. పదహారు నెలలుగా ఆ పెరటికి వచ్చిన ప్రతి పిట్టా నా పుస్తకంలో ఉంది. వాటిని రప్పించిన మనిషి గురించి ఒక్క వాక్యం లేదు.

ఆమె గురించి రాయాలనుకున్నది ఆ పొద్దునే. రాస్తున్నది మాత్రం నెల దాటాక, చేయవలసిన పని ఒకటి ముగిశాక.

పేరు రాయను. అది ఆమె పెట్టిన షరతు. "నా పేరు ఒక్కపారి గడీ కాయితంల ఎక్కింది. గది సాలు. నువ్వు గూడ ఎక్కియ్యకు" అంది. ఊరి పేరూ రాయను. మానుకోట నుంచి దంతాలపల్లి పోయే దారిలో ఒక ఊరు, అంతే. ఆమెను మంచి మనిషిగా చూపించాలని కూడా నాకు లేదు. ఆమెకు పగ ఉండేది. ఇంట్లో ఉన్న మూడు కుండల్లో ఒకదాన్ని దానికే కేటాయించింది.

ఆ పగ ఏమిటో ముందే చెబుతాను, నాకు తెలిసింది ఆలస్యంగానే అయినా. ఆమె పెరటికి ముళ్లకంప దడి ఉంది. దడి అవతల రెండెకరాల రేగడి. సంఘం వాళ్లు దొర భూములు పంచిన ఏడాది ఆ రెండెకరాలు ఆమెకు వచ్చాయి. దొర అప్పటికే గడీకి తాళం వేసి పట్నం పారిపోయాడు. ఆమె ఒక్క పంట తీసింది. ఆ తర్వాత పోలీసు యాక్షన్ జరిగింది. మిలిటరీ లారీల వెనకే దొర తిరిగివచ్చాడు, ఈసారి నెత్తిన ఖద్దరు టోపీతో. భూమి లాక్కుని జొన్న వేశాడు. వేసి, అదే చేనుకు ఆమెనే కావలి పెట్టాడు. ఈ ఊరికి కోడలై వచ్చిన నాటి నుంచి ఆమె చేసిన వెట్టి అదే: దొర జొన్నచేలల్లో మంచె ఎక్కి పిట్టలను తరమడం. వెట్టి అనే మాట అప్పటికి పోయింది, పని మాత్రం పోలేదు.

ఆ రెండెకరాల్లో పండే జొన్న గడీ గరిసెలో పడకూడదు. ఆమె కోరిక అంతే. గరిసె నిండకపోతే చాలు, తన కుండ నిండకపోయినా ఫరవాలేదు.

నేను చెరువు కట్ట మరమ్మత్తుకు వచ్చిన ఓవర్సీరును. మాది జనగామ. హైదరాబాదులో మూడేళ్లు చదివి గొలుసు పట్టి కొలవడం, నేల మట్టాలు చూడడం, నక్షాలు గీయడం నేర్చుకున్నాను. ఊళ్లో నాకిచ్చిన గది ఆమె ఇంటి వెనక ఉంది. గది కిటికీ నేరుగా ఆమె పెరట్లోకి తెరుచుకుంటుంది.

నా దగ్గర ముందుభాగం పగిలిన డబ్బా కెమెరా ఒకటి ఉండేది. జనగామ స్టేషను ఎదుట గడియారాలు బాగుచేసే ముసలాయన దగ్గర దానికి ఒక లెన్సు దొరికింది. ఏ అధికారి దుర్భిణి నుంచి ఊడిపడిందో తెలియదు గాని చెప్పుల జత కన్నా చౌకగా ఇచ్చాడు. ఎడమ అంచున వెంట్రుకంత గీత, లోపల మూడు బూజు చుక్కలు. కిరసనాయిలు డబ్బా రేకుతో గొట్టం చేసి దాన్ని కెమెరాకు బిగించాను. గొట్టం ముందుకూ వెనక్కూ జరగదు. అందువల్ల సరిగ్గా తొమ్మిది అడుగుల దూరంలో ఉన్నది మాత్రమే స్పష్టంగా పడుతుంది. ఎనిమిదిన్నర దగ్గర మసక, తొమ్మిదిన్నర దగ్గర మసక. పైగా మీట నెమ్మది. పిట్ట కదిలితే బొమ్మలో పొగ తప్ప ఏమీ ఉండదు.

ఊళ్లో పోలీసు క్యాంపు ఉంది. గూడూరు అడవిలో దళాలు తిరుగుతున్న రోజులు. కెమెరా అంటే క్యాంపు అమీనుకు అనుమానం. రెండు వారాలు తిప్పించుకుని ఒక చీటీ రాసిచ్చాడు: ఓవర్సీరు తన గది కిటికీ నుంచి పిట్టల ఫొటోలు తీసుకోవచ్చు, మనుషులను తీయరాదు. కింద ముద్ర. ఆ చీటీని కిటికీ చెక్కకు మేకుతో కొట్టాను.

గొట్టం కిటికీలోంచి బయటికి పెట్టిన మొదటి పొద్దునే ఆమె వచ్చి దాని ముందు నిలబడింది.

"ఏందది నాయినా, తుపాకా?"

"కాదవ్వా. ఫొటో తీసేది."

"ఎవల్ని?"

"పిట్టల్ని."

"పిట్టలు అడిగినయా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆమె కుడి కంటిలో తెల్లగా పువ్వు ఉండేది. ఎడమ కంటితో లెన్సును చాలాసేపు చూసింది. "దీనికి గూడ నా కన్ను లెక్క పువ్వు పడ్డది" అంది. చీటీలో ఏముందో చదివించుకుంది. మనుషులను తీయరాదు అన్న చోట ఆపి మళ్లీ చదవమంది.

"అంటే పిట్టలకు హుకుం ఉన్నది, మనకు లేదు."

"అంతే అవ్వా."

"మంచిగనే ఉన్నది. యాడ వాలాలె నీ పిట్టలు?"

గొలుసుతో కొలిచి తొమ్మిది అడుగుల దగ్గర ముగ్గుపిండితో గీత పెట్టాను. ఆమె ఒక చదును రాయి దొర్లించుకొచ్చి గీత మీద పెట్టింది. అప్పుడే ఒకటి గమనించాను. రాయి తోస్తున్నా, పుల్ల ఏరుతున్నా, వాకిలి ఊడుస్తున్నా ఆమె నడుము వంగదు. గొంతుక్కూర్చుని పని చేస్తుంది, నిటారుగా లేస్తుంది. లేవగానే ఎడమ చేతిని నడుముకు ఆనించి, ఉందో లేదో చూసుకున్నట్టు ఒకసారి తడుముకుంటుంది. నడుమునొప్పి అనుకున్నాను. "దవాఖానకు పోదాం, మందిప్పిస్త" అన్నాను. "మందుకు పోయేది కాదది" అంది.

శ్రావణం నుంచి రోజూ తిండి పెట్టడం మొదలుపెట్టింది. ఆ తిండి ఎక్కడిదంటే, గడీ చేలల్లో కోతలయ్యాక నేల రాలిన కంకులను పరిగె ఏరి దాచుకున్నది. తాను ఒంటిపూట గటక తాగి ఆ కంకులు పిట్టలకు పెట్టేది. విడి గింజ ఎన్నడూ చల్లలేదు. కంకులను కుండలో నీళ్లు పోసి నానబెట్టేది. నానినవాటిని చొప్పదంటుకు కట్టి, ఆ దంటును రాయి పక్కన నేలలో పాతేది. కంకి చేలో నిలబడ్డట్టే నిలబడేది.

మొదటి వారం పిట్టలకు అర్థం కాలేదు. కింద రాయి మీద వెతికాయి. రెండో వారం ఒక ఆడ చిలుక దంటును కాళ్లతో పట్టుకుని తలకిందులుగా వేలాడి కంకిని ఒలిచింది. ఆ తర్వాత అన్నీ నేర్చుకున్నాయి. కాళ్లతో పట్టు దొరికితే పిట్ట కదలదు. నా బొమ్మలు మొదటిసారి పొగ లేకుండా వచ్చాయి. ఇదంతా నా ఫొటో కోసమే చేస్తోందని నమ్మాను.

"అవ్వా, నీకు పిట్టలంటే ఎంత పావురం, ఎంత ప్రేమ" అన్నాను ఒక రోజు.

ఆమె దడి అవతలికి ఉమ్మింది. "పిట్టలంటే నాకు పడది. ముప్పయి ఏండ్లు తరిమిన వాటిని. నా చేను పండిన ఏడు ఒక్కదాన్ని దిగనియ్యలే, తెల్సా?"

"మరి ఇప్పుడెందుకు పెడుతున్నవు?"

"నీ అద్దం పాడుబడుతదని."

ఎకసెక్కం అనుకున్నాను. మానుకోట నుంచి అట్టపుస్తకం తెచ్చి బొమ్మలన్నీ వరుసగా అతికించి, మొదటి పేజీలో 'జీవకారుణ్యం' అని పెద్ద అక్షరాలతో రాశాను. ఈ ఒక్క మాట కొట్టేయడానికే ఇదంతా రాస్తున్నాను అన్నా తప్పు లేదు.

ఆమె ఒడిసెల సంగతి కూడా చెప్పాలి. భూపాలపల్లి అడవుల దిక్కు ఆమె తల్లిగారి ఊరు. రాయి పెట్టి తిప్పి విసిరే ఆ తాడు పని అక్కడే పిల్లతనంలో నేర్చింది. ఒకనాడు కట్ట మీది నుంచి వస్తూ, మంచె మీద ఆమె విసురుతున్న రాళ్లు చూశాను. ప్రతి రాయీ చిలుకల గుంపుకు రెండు బారల ముందే పడుతోంది.

"చెయ్యి గుంజుతున్నదా అవ్వా? అందుతలేవు."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "గా ఆముదపు చెట్టు కనబడుతున్నదా? మీది నుంచి మూడో కొమ్మ."

తాడు రెండుసార్లు తిరిగింది. మూడో కొమ్మ తెగి పడింది. రెండో కొమ్మ, నాలుగో కొమ్మ ఊగలేదు. నేను అడుగులు వేసి కొలిచాను: అరవై రెండు.

"రాయి యాడ పడాల్నో నాకెర్కే" అంది.

అదీ పుస్తకంలో రాసుకున్నాను. మంచె నుంచి ఆముదపు చెట్టుకు అరవై రెండు అడుగులు. చిలుకల దగ్గర రాయి ఎందుకు పడలేదన్నది రాసుకోలేదు.

పుష్యంలో ఒక పొద్దున ఆమె కంకి కట్టలేదు. మర్నాడూ కట్టలేదు. పిట్టలు వచ్చి, చూసి, దడి మీదుగా లేచిపోయాయి. మూడో రోజు నుంచి రాయి మీదికి ఒక్కటీ రాలేదు. ఎనిమిది రోజులు వరుసగా సున్న రాసుకున్నాను. "పిట్టలేవి అవ్వా?" అంటే "సుట్టపు సూపుకు పోయినయి" అంది. అదే వారం ఊరంతా ఒక మాట చెప్పుకున్నారు, దొర రేగడి చేనును పిట్టలు ఊడ్చేశాయని, కంకులు ఊచల్లా నిలబడ్డాయని, కావలి ముసలిదాని చెయ్యి పడిపోయిందని. ఈ రెండు సంగతులూ నా పుస్తకంలో ఉన్నాయి. పిట్టల లెక్క ముందు పేజీల్లో, ఊరి కబుర్లు వెనక పేజీల్లో. రెండూ కలిపి చదవలేదు.

కలిపి చదివింది దొర.

చైత్రంలో చెరువు తూము ఎక్కడ పెట్టాలో మాట్లాడడానికి నన్ను గడీకి పిలిచాడు. చాయ్ ఇప్పించాడు. "ఏం ఓర్సీర్, నీకు పిట్టల పిచ్చటగ? మాకు సూపియ్యవా?" అన్నాడు. దాచడానికేముంది, పిట్టలే కదా. గదికి పోయి అట్టపుస్తకం, లెక్కల పుస్తకం రెండూ తెచ్చాను. ఎవరూ తెమ్మనకుండానే రెండోది కూడా తెచ్చింది నేనే.

ఒక్కో పేజీ తిప్పి మెచ్చుకున్నాడు. పద్నాలుగో బొమ్మ దగ్గర వేలు ఆగింది. చిలుక తలకిందులుగా కంకికి వేలాడుతున్న బొమ్మ. నా లెన్సు తీసినవాటిలో అంతకన్నా స్పష్టమైనది లేదు. గింజ మీద నీటిచుక్క కూడా కనిపిస్తుంది.

"గీ కంకిని నిలబెట్టిందెవలు?"

"అవ్వ, దొరా. ఫొటో మంచిగ వస్తదని."

"తడిగ ఉన్నదేంది?"

"నానబెడుతది. మెత్తగుంటే పిట్టలు ఇష్టంగ తింటయని." గొప్పగా చెప్పాను.

"ఎప్పటి సంది?"

పుస్తకం తెరిచి తిథులు చదివాను. శ్రావణం, భాద్రపదం, ఏ రోజు ఎన్ని పిచ్చుకలు, ఎన్ని చిలుకలు. దొర కళ్లు మూసుకుని విన్నాడు. పుష్యం వచ్చేసరికి "ఆపకు, సదువు" అన్నాడు. సున్న, సున్న, సున్న అని చదివాను.

"ఓర్సీర్, గిది మేత కాదు, బడి" అన్నాడు కళ్లు తెరిచి. "ముసల్ది పిట్టలకు బడి పెట్టింది. నిలబడ్డ కంకిని ఎట్ల పట్టాలె, పాలకంకిని ఎట్ల పిండాలె, ఐదు నెల్లు నేర్పింది. నా జొన్న పాలు పోసుకున్ననాడు బడికి సెలవిచ్చింది. మంచిగ రాసినవు, ఒక్క రోజు తప్పకుండ. చాయ్ తాగు, సల్లారుతది."

మర్నాడు పొద్దున ఆమెను గడీ ముందుకు రప్పించారు. కట్ట మీద ఉన్న నాకు కూలీలు చెప్పారు. గొలుసు చేతిలో ఉండగానే పోయాను. అరుగు మీద దొర, పక్క కుర్చీలో అమీను. కింద ఆమె నిలబడి ఉంది. గడీ జవాను ఒక బండ పక్కన నిలబడ్డాడు. నున్నగా అరిగిన నల్లని బండ.

"వంగు" అన్నాడు దొర.

"వంగ."

"నీ మొగడు వంగలేదా?"

"ఆయన వంగిండు. గందుకే నేను వంగ."

జవాను మెడ మీద చెయ్యి వేసి నొక్కాడు. ఆమె గొంతుక్కూర్చుంది. లేపారు. మళ్లీ నొక్కాడు, మళ్లీ కూర్చుంది. నడుము మాత్రం నిట్టాడు గుంజలా ఉంది. చుట్టూ నిలబడ్డవాళ్లలో ఎవరో నవ్వాపుకున్నారు. దొర ముఖం మాడింది. "నిలబడ్డదాని మీదనే పెట్టు" అన్నాడు. జవాను బండను రొమ్ముకు ఆనించి ఎత్తి ఆమె తల మీద పెట్టాడు. ఆమె రెండు చేతులూ పైకెత్తి, నీళ్ల బిందెను సర్దుకున్నట్టు సర్దుకుంది.

గంట పది నిమిషాలు. నేను చేసిన పని అంతే, గడియారం చూశాను. గొలుసు కింద పెట్టలేదు. ఆమె ఒక్కసారి నా వైపు చూసింది. పువ్వు పడ్డ కంటితోనా, మంచి కంటితోనా అన్నది ఆ దూరం నుంచి తెలియలేదు.

చివరికి మోకాళ్లు పోయాయి. నిలువునా కూలింది. బండ తుంటి మీద పడింది.

ఆ తర్వాత ఆమె లేచి నడవలేదు. పెరటి తలుపు దగ్గర నులక మంచం వేయించుకుని పడుకుంది. పన్నెండు రోజులు నాతో మాట్లాడలేదు. నూనె తెస్తే మొహం తిప్పుకునేది, గంజి తెస్తే పక్కింటావిడ చేతికిమ్మని వేలు చూపేది. పదమూడో రోజు పిలిచింది.

"నీ బుక్కు తేపో."

తెచ్చాను.

"దొరకు సదివినవటగ. నాకూ సదువు."

శ్రావణం నుంచి చదివాను. పుష్యం దగ్గర పేజీ తిప్పకుండా ఆగాను.

"సదువు."

"సున్న."

"మల్ల సదువు."

"సున్న. సున్న."

ఎనిమిది సున్నలూ చదివించుకుంది. ఎనిమిదోది అయ్యాక నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అదే. ముందు పళ్లు రెండు లేవని అప్పుడు తెలిసింది.

"గా బండ కొత్తది కాదు నాయినా. మా ఆయనకు జరమొచ్చి మంచె మీద పండుకున్నడు. చిలుకలు పది సాళ్లు ఊడ్చినయి. వంగబెట్టి, ఈపు మీద గదే బండ పెట్టిండ్రు. పొద్దుగాల సంది పగటి బువ్వ ఏళ దాక. తీసినంక గూడ నడుం లేవలే. మూడేండ్లు నేల సూసుకుంటనే నడిసి పోయిండు. మల్ల ఆకాశం సూడలే."

నేను పుస్తకం మూశాను.

"నీ రాత నా తుంటి మీద పడ్డది. ఎర్కేనా?"

"ఎర్కే అవ్వా."

"ఏడ్వకు, ఏడిస్తే నాకేమొస్తది? నీకు శిచ్చ ఏస్తున్న. గా చీటీ కిటికికి ఉన్నదా ఇంక?"

"ఉన్నది."

"పిట్టలకు హుకుం ఉన్నదంటివి గద. నన్ను కంకి ముట్టొద్దన్నరు. నిన్ననలే."

అట్లా రెండో ఏడు బడిపంతులు నేనయ్యాను. పరిగె కంకులు ఆమె ఇంట్లో రెండు గోనెలున్నాయి. శ్రావణంలో మొదలుపెట్టాను. మంచం నుంచి ఆమె కళ్లు నా చేతుల మీదే. "అది ముడా, పిల్లదాని జెడనా? గాలికి ఊడుతది." "దంటు లోతుకు పాతు. చిలుక బరువు పడితే ఒరుగుతది." "ఓర్సీర్ పని ఎవలిచ్చిండ్రు నీకు, కంకి గట్టుడు గూడ రాదు!" నేను అట్లా తిట్లు తింటూ నేర్చుకున్నాను. ఆరు నుంచి ఏడు దాకా కంకి ఉంచేవాణ్ని. ఏడు కాగానే దంటు పీకేసి రాయి మీద గుప్పెడు నూకలు చల్లేవాణ్ని. గడీ మనిషి రెండుసార్లు వచ్చి చూశాడు, నూకలే కనిపించాయి. చీటీ చూపించాను. దొర స్వయంగా కట్ట మీద అడిగాడు, "ఇంకా పిట్టలేనా?" అని. "అమీన్ సాబ్ హుకుం దొరా" అన్నాను. తూము ఎక్కడ పెట్టాలో నా నక్షా మీద ఆధారపడి ఉంది. ఆ నక్షా ఇంకా గీస్తూనే ఉన్నాను. అందువల్ల అతను అంతకన్నా ఏమీ అనలేదు.

పని ఎప్పుడు ఆపాలో ఆమె చెప్పింది. పంచాంగం చూడకూడదు. "కంకి నడిమి గింజను గోటితో నొక్కు. పచ్చిగ చిదికితే ఇంక ఉన్నది. గట్టిగ తగిల్తే దాటిపోయింది. తెల్లగ చిమ్మాలె. చిమ్మిన తెల్లారి కంకి గట్టకు."

కార్తీకంలో ఒక రోజు అడిగింది. "ఈసారి మంచె మీద ఎవడుంటడట?"

"బండ ఎత్తినోడు. సాలు పోతే బండ నీకే అని చెప్పిండట దొర."

"మంచిది. వానికి ఒడిసెల రాదు" అంది.

మార్గశిరం చివర్లో జ్వరం వచ్చింది. మానుకోట దవాఖానకు బండి కడతానంటే వద్దంది. ఆఖరి రోజు పొద్దున నన్ను పిలిచి, "పొట్టకొచ్చిందా?" అని అడిగింది. జొన్న సంగతి.

"వచ్చింది. కంకి ఇంకా ఎల్లలే అవ్వా."

"తొందర పడకు" అంది. నాతో ఆమె అన్న చివరి మాట అది.

మూడు రోజులు కంకి కట్టలేదు. మూడో రోజు రాయి మీద వాలిన పదిహేడు పిట్టల గురించి మొదటే రాశాను. ఆ పొద్దునే కుండ కడిగి కంకులు నానబెట్టాను. అక్కడి నుంచి ఇరవై ఆరు రోజులు, ఒక్క రోజు తప్పకుండా కట్టాను. ముళ్లు ఊడలేదు. చిలుకలు నాలుగు నుంచి ఇరవై మూడు అయ్యాయి. పిచ్చుకలు ఎక్కువై లెక్క తప్పింది, ఉజ్జాయింపుగా రాశాను. అది నాకు అలవాటు లేని పని.

ఇరవై ఆరో రోజు సాయంత్రం కాలువ మట్టం చూసే నెపంతో రేగడి చేను గట్టున నడిచాను. మంచె మీద జవాను పిట్టలను తోలే రేకు డబ్బా పక్కన పెట్టుకుని చుట్ట కాలుస్తున్నాడు. నన్ను చూసి "సలాం సార్" అన్నాడు. నేనూ సలాం పెట్టాను. గట్టు పక్క కంకి ఒకటి వంచి నడిమి గింజను గోటితో నొక్కాను. తెల్లగా చిమ్మింది. బొటనవేలు తుడుచుకోకుండానే ఇంటికి వచ్చాను.

అతను మంచె మీద ఉన్నాడని తెలుసు. సాలు పోతే ఏమవుతుందో తెలుసు. దొరకు పుస్తకం చదివిన నాడు తెలియక చేశాను. ఈసారి తెలిసి చేశాను. ఈ రెండింటికీ మధ్య తేడా ఉందని రాసిపెడుతున్నాను.

ఎనిమిది రోజుల తర్వాత ఆ రెండెకరాల్లో కోయడానికి కంకి లేదు. గరిసెకు ఒక్క గింజ పోలేదు. చొప్ప గడీ కొట్టానికి పోయింది. ఆమె ఉంటే దానికి అడ్డు చెప్పేది కాదు, పశువుల మీద ఆమెకు పగ లేదు. జవాను చాలా రోజులు బయట కనబడలేదు. కనబడిన నాడు నడుముకు గుడ్డ చుట్టుకుని నేల చూస్తూ నడుస్తున్నాడు. జాలి పడవలసిందేమో, పడలేదు. తూము నక్షా కూడా ఆ వారమే ముగించాను. నేల మట్టం ఎక్కడ చెబితే అక్కడ పెట్టాను. అది దొర అడిగిన చోటు కాదు.

అట్టపుస్తకం మొదటి పేజీలోని పెద్ద అక్షరాల మీద అడ్డంగా గీత కొట్టాను. కింద మరో పేరు రాయలేదు.

కంకి కట్టని ఆ మొదటి పొద్దు సంగతి ఒక్కటి మిగిలింది. ఆరు ఇరవైకి పిట్టలు వచ్చాయి. దంటు లేదు. రాయి చుట్టూ రెండుసార్లు తిరిగాయి, ఒక్కటీ వాలలేదు. ఆడ చిలుక నా కిటికీ వైపు చూసింది. నేను కదలలేదు. ఆరు ముప్పయి ఐదుకు అది లేచింది, దాని వెనక మిగతావన్నీ లేచి దడి దాటాయి. కాసేపటికి చేలో డబ్బా మోత మొదలైంది. ఆ తర్వాత అరుపులు.

పుస్తకం తీసి రాశాను. రాసి, పెరటి తలుపు దగ్గర ఖాళీగా ఉన్న నులక మంచం వైపు తిరిగి గట్టిగా చదివాను.

"సున్న."

ఆమె ఉంటే మల్ల సదువు అనేది. మళ్లీ చదివాను.